కొండల్లో మేమున్నాం, డప్పులో మేమున్నాం, చరిత్రలో ఎవరున్నారు?

కొండలు అందంగా ఉంటాయన్న మాటతో మాకు తగువు లేదు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దారిలో తూర్పున నల్లమల గోడ కట్టినట్టు నిలబడి ఉంటుంది. పడమట దూరంగా ఎర్రమల కనిపిస్తుంది. నడుమ కుందేటి మైదానం, నల్లరేగడి, కె.సి. కాలువ నీళ్లు పారిన చోట వరి మడులు. వానాకాలంలో ఆ పచ్చదనాన్ని చూసి మెచ్చుకోనివాడు ఉండడు. మా తగువు ఆ పచ్చదనాన్ని గురించి రాసే రాతతో. 'చూడదగ్గ స్థలాలు' అనే పేరుతో మన భాషలో ఒక సాహిత్యమే తయారైంది. నిన్నటిదాకా అది స్థలపురాణం, తర్వాత పర్యాటక శాఖ కరపత్రం, ఆ తర్వాత దినపత్రికల ఆదివారం పేజీ, ఇప్పుడు సెల్‌ఫోన్ వీడియో. రూపం మారింది గానీ చూపు మారలేదు. దీన్ని సాహిత్యమని ఎవరూ అనుకోరు గనక విమర్శకులు దీని జోలికి పోలేదు. పిల్లలు బడిలో నేర్చుకునే జిల్లా చరిత్ర అంతా దీంట్లోంచే వస్తోంది. అందుకే దీన్ని సాహిత్యంగానే చదవాల్సి ఉంది.

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది. కొత్త జిల్లాకు కొత్త జాబితా కావాలి గదా. అహోబిలం, మహానంది, యాగంటి, శ్రీశైలం, బెలూం గుహలు, బనగానపల్లె రవ్వలకొండ, ఉయ్యాలవాడ, ఆళ్లగడ్డ శిల్పాలు. జాబితా సిద్ధమైపోయింది. ఈ జాబితాను రెండుసార్లు చదివితే ఒక పద్ధతి బయటపడుతుంది. కొండ గురించి రాసినప్పుడు అడవిమనుషులు ప్రకృతిలో భాగంగా వస్తారు, చెట్టూ పుట్టా మాదిరి. ఉత్సవం గురించి రాసినప్పుడు మాల మాదిగలు 'డప్పుల మోత' అనే ఒక చప్పుడుగా వస్తారు. ఇక చరిత్ర మొదలయ్యేసరికి రాజులు, పాలెగాళ్లు, పీఠాధిపతులు పేర్లతో సహా దిగుతారు. మాకు దృశ్యంలో చోటుంది, ధ్వనిలో చోటుంది. పేరున్న మనిషిగా చరిత్రలో మాత్రం చోటు లేదు. మా అసలు అభ్యంతరం ఇదే.

అహోబిలంతో మొదలుపెడదాం. కనుమ నాడు మొదలయ్యే పార్వేట ఉత్సవంలో స్వామి పల్లకి కొండ దిగి సుమారు 40 రోజులు 30కి పైగా ఊళ్లు తిరుగుతుంది. కథ ఏందంటే, చెంచులక్ష్మిని మనువాడిన నరసింహుడు తన పెళ్లికి రమ్మని బావమరుదులను స్వయంగా పిలవబోతాడు. బయలుదేరేటప్పుడు చెంచులు పల్లకి వైపు బాణాలు వేస్తారు. పల్లకి మోసేది బోయలు. ఒక్కో ఊళ్లో పల్లకిని దించే అరుగు ఉంటుంది. ఇంత పెద్ద మూర్తి గుడి విడిచి జనంలోకి రావడం నిజంగా విశేషమే. దీన్ని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్పించాలన్న ప్రయత్నం కూడా ఈ కొన్నేళ్లలో జరిగింది. మంచిదే.

అయితే ఈ కథను కులం కళ్లతో చదవండి. దేవుడు అడవిపిల్లను పెళ్లాడతాడు. ఆ పెళ్లితో అడవి దేవుడి అత్తగారిల్లు అవుతుంది. అత్తగారింటి మీద అల్లుడికి హక్కు వస్తుంది. చెంచులకు దక్కింది చుట్టరికం. అది కూడా ఏడాదికి ఒక్క రోజు, బాణం వేసే ఆ కాసేపు. మిగతా 364 రోజులు ఆ చుట్టాల గతేంటి? నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1983లో పులుల సంరక్షణ పథకం కిందికి పోయినప్పటి నుంచి తేనె తీయాలన్నా, గడ్డ తవ్వాలన్నా అధికారి అడ్డం. దేవుడి బావమరిది అడవిలో దొంగ అయ్యాడు. 'పార్వేట ప్రాశస్త్యం' రాసే వ్యాసాల్లో ఈ సంగతి ఒక్క వాక్యంగానైనా రావద్దా?

సినిమా కూడా ఇదే పని చేసింది. 'చెంచులక్ష్మి' 1943లో ఒకసారి, 1958లో మరోసారి తెర మీదికొచ్చింది. ఆ 1943లోనే హైమెన్‌డార్ఫ్ నైజాం వైపు నల్లమలలో తిరిగి చెంచుల మీద రాసిన ఇంగ్లీషు పుస్తకం అచ్చయింది. ఒకే ఏడాది ఒక చేత్తో పౌరాణిక చిత్రం, ఇంకో చేత్తో మానవశాస్త్రం. ఒకటి చెంచును దేవుడి పెళ్లాం చేసింది, రెండోది అడవి జాతికి నమూనా చేసింది. నైజాం దొరతనంలో ఆ పుస్తకం వల్ల చెంచులకు కొంత మేలు జరిగిందనే వాళ్లున్నారు, కాదనం. చెంచు తన కథ తాను చెప్పుకునే వంతు మాత్రం రెండింట్లోనూ రాలేదు.

ఇక డప్పు. జాతర వర్ణనల్లో 'డప్పుల మోతతో కొండలు ప్రతిధ్వనించాయి' అన్న వాక్యం తప్పకుండా ఉంటుంది. కొండలు ప్రతిధ్వనించాయట! కొట్టినవాడు ఎవడు, వాడి పేరేంది, గుడికి ఎన్ని గజాల దూరంలో నిలబడి కొట్టాడు? డప్పు మోత కాదు, అదొక భాష. మేకతోలు ఊరవేసి, బొచ్చు గీకి, కొయ్య బద్దకు చింతగింజల బంకతో అంటించి, మంట దగ్గర కాచి శ్రుతి చేస్తే గాని అది పలకదు. చిర్ర ఒక చేత, సిటికెన పుల్ల ఒక చేత. చావుకు ఒక దరువు, పెళ్లికి ఒకటి, జాతరకు ఒకటి, చాటింపుకు ఒకటి. దరువు వింటేనే ఊరికి సంగతి తెలిసిపోతుంది. అక్షరం లేదని మమ్మల్ని ఎగతాళి చేసినవాళ్లు తరతరాలుగా మా చేతి భాషలోనే కబురు విన్నారు. సంగీతమంటే ఏడు స్వరాలే అని నమ్మిన పండితులకు ఈ వ్యాకరణం కనపడలేదు. తోలు ముట్టితే మైల, తోలు చప్పుడు మాత్రం మంగళకరం. ఈ రెండు నాల్కల నీతిని అడిగినవాడు లేడు.

ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పింఛన్ల జాబితాలో డప్పు కళాకారులను చేర్చింది. 2024 జులై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. ముసలి డప్పుగాడికి ఆ డబ్బు అన్నం పెడుతుంది, దాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. ఎటొచ్చీ, అదే ప్రభుత్వం సంగీత కళాశాలలో మృదంగానికి ఆచార్య పదవి ఇస్తుంది, డప్పుకు పింఛను ఇస్తుంది. ఒకరిది విద్య, ఇంకొకరిది దీనస్థితి. వారసత్వం అని ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఈ తేడాను ముందు చెరపాలి.

ఇది మన దేశపు జబ్బు మాత్రమే అనుకోవద్దు. తూర్పు యూరప్‌లో రొమేనియా అని ఒక దేశముంది. దాని గురించి వచ్చే రంగుల పుస్తకాల్లోనూ సరిగ్గా ఇవే మూడు ఉంటాయి: కార్పేతియన్ కొండలు, పల్లె సంగీతం, పాత కోటలూ మఠాలూ. ఆ సంగీతాన్ని ఊరూరా పెళ్లిళ్లలో వాయించి బతికించిన లౌతారి వాద్యగాళ్లలో ఎక్కువమంది రోమాలు. రోమాలంటే సుమారు వెయ్యేళ్ల కిందట మన ఉత్తర భారతం నుంచే వలసపోయిన జనం. వాళ్లు ఆ గడ్డమీద బానిసలు. 1385 నాటి ఒక పత్రంలో 40 కుటుంబాల రోమాలను మఠానికి దానమిచ్చినట్టుంది. ఆవుల్ని దానమిచ్చినట్టే. రాజుకు కొందరు, భూస్వాములకు కొందరు, మఠాలకు కొందరు. మోల్దావియాలో 1855లో, వలాకియాలో 1856లో గాని ఆ బానిసత్వం రద్దు కాలేదు. ఇప్పుడు యాత్రికుడు రంగుల బొమ్మల మఠం గోడలు చూసి మురుస్తాడు, సాయంత్రం ఫిడేలు వింటాడు. ఆ ఫిడేలుగాడి ముత్తాత అట్లాంటి మఠం ఆస్తి పట్టీలో ఉన్న సంగతి కరపత్రంలో ఉండదు. జానపద గీతాలు సేకరించడానికి ఆ ఊళ్లు తిరిగిన బార్తోక్ అంత మహా సంగీతవేత్త కూడా రైతుల పాటను అసలు సిసలు అని నెత్తిన పెట్టుకున్నాడు, జిప్సీల వాయింపును ఒక మెట్టు దించి పెట్టాడు. 'స్వచ్ఛమైన జానపదం' అని ఎవరైనా అన్నప్పుడల్లా ఆ స్వచ్ఛత ఎవరిని బయట నిలబెడుతోందో చూడమని మేం విద్యార్థులకు చెప్పేది ఇందుకే.

మన జానపదానికి వద్దాం. రేనాటి సీమలో జానపదం అనగానే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాట గుర్తుకొస్తుంది. కోలాటం వేసేవాళ్లు, అడుక్కుతినే పాటగాళ్లు నూటయాభై ఏళ్లకు పైగా ఆ పాటను మోసుకొచ్చారు. 1846లో తిరుగుబాటు, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి. 2019లో 'సైరా' సినిమా వచ్చింది. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. మన కుందేటి గడ్డ మీది యుద్ధాన్ని జార్జియా దేశం పోయి తీసుకొచ్చారు. దానికి మాకు బాధ లేదు, కొండ ఏదైనా కెమెరాకు ఒకటే. మా బాధ వేరే. ఆ తిరుగుబాటు భూమి మీద జరిగింది. 1800లో నైజాం దత్తమండలాలను కంపెనీకి ఇచ్చేశాక, మన్రో దొర పాలెగాళ్ల ఆస్తులు లాగేసి తవర్జీ ముట్టజెప్పాడు. నరసింహారెడ్డికి వచ్చింది నెలకు 11 రూపాయల చిల్లర. ఇది ఒక అలక. దీనికంటే పెద్ద మంట ఇంకోటి ఉంది. ఊరి కావలి కాసే కట్టుబడి బంట్ల ఇనాం భూములను కంపెనీ వెనక్కి గుంజుకోవడం మొదలుపెట్టింది. కట్టుబడులంటే ఎక్కువగా బోయలు, ఇతర కింది కులాలు. తుపాకీ, బల్లెం పట్టుకుని రెడ్డి వెంట నడిచింది వీళ్లు. రెడ్డిది పింఛను కోపమైతే వీళ్లది పొట్టకూటి కోపం. సినిమాలో ఇదంతా కరిగిపోయి 'దేశం' అయింది. కత్తి పట్టినవాళ్ల భూమి ప్రశ్న పోయి, నాయకుడి మీసం మిగిలింది.

వడ్డె ఓబన్న ఆ పోరాటంలో ముఖ్యుడు. వడ్డెర కులస్థులు అడిగి అడిగి ఈమధ్యనే ఆయన జయంతిని ప్రభుత్వం చేత జరిపించుకోగలిగారు. పేరున్న ఒక్కడి కోసమే ఇంత కాలం పడితే, పేరు లేనివాళ్ల మాటేమిటి? రేనాటి సూర్యచంద్రులని నరసింహారెడ్డినీ, 1866 కరువులో గంజి పోసిన బుడ్డా వెంగళరెడ్డినీ కలిపి పొగుడుతారు. వెంగళరెడ్డి దాతే, కాదనం. గంజి తాగడానికి వరస కట్టినవాళ్లు ఎవరు, వాళ్లకు పిడికెడు గింజలు ఎందుకు లేకపోయాయి అనే పాట కూడా ఎవరో కట్టి ఉండాలి. సేకరణకర్తలు ఆ గడప తొక్కలేదు. దాత ఇంటి ముందర పాటలు దొరికితే చాలనుకున్నారు.

బెలూం గుహల దగ్గర ఒక చిన్న మాట. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ వీటిని 'కనుగొన్నాడు', 1982–83లో జర్మన్ బృందం కొలిచింది, 2002లో యాత్రికులకు తెరిచారు. 3,229 మీటర్ల పొడవు. లోపల కర్రతో తడితే స్వరం పలికే రాళ్లున్నాయి, ఆ భాగానికి సప్తస్వరాల గుహ అని పేరు పెట్టారు. రాయి పలికినా ఏడు స్వరాలే వినిపిస్తాయి మనవాళ్లకు! బయట కొలిమిగుండ్ల చుట్టుపక్కల నాపరాయి తీసే కూలీల సుత్తి చప్పుడు ఏ స్వరమో ఎవరూ చెప్పరు. మహానంది కోనేటి నీళ్ల తేట గురించీ, యాగంటి బసవన్న పెరగడం గురించీ వేలమంది రాశారు, మళ్లీ మేమెందుకు. కర్నూలు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, 1947లో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది. అప్పటిదాకా ఆ తేట నీళ్లు ఎవరికి తేటో చెప్పే పేరా మాత్రం ఎక్కడా చదవలేదు.

బనగానపల్లె రవ్వలకొండకు వెళ్దాం. అచ్చమ్మ పశువులు కాస్తూ వీరబ్రహ్మం ఆ గుహలో కాలజ్ఞానం రాశాడని చెబుతారు. ఆయన శిష్యుల్లో దూదేకుల సిద్దయ్య ఉన్నాడు, మాదిగ కక్కయ్య ఉన్నాడు. అందుకని బ్రహ్మంగారి కథ మనకు దగ్గరిది. దేహంలో చక్రాలున్నాయి, చక్రానికొక దేవత ఉంది అని గురువు సిద్దయ్యకు చెబుతుంటే కక్కయ్య చాటున విన్నాడు. ఇంటికి పోయి భార్యను కోసి చూశాడు. దేవతలు లేరు, పేగులున్నాయి. నీ మాట అబద్ధమని గురువును నిలదీశాడు. గురువు ఆమెను బతికించి, ఇతన్ని శిష్యుణ్ణి చేసుకున్నాడు.

ఈ కథను హరికథల్లో మాదిగవాడి తెలివితక్కువతనంగా చెప్పి నవ్విస్తారు. మేం దాన్ని తిరగేసి చదువుతాం. చచ్చిన పశువును కోసే కులవృత్తి వాడికి శరీరం లోపల ఏముంటుందో పండితుడికంటే బాగా తెలుసు. చాటున వినాల్సి రావడమే ముందు నేరం కదా, ఎదురుగా కూర్చోనిస్తే అడిగి తెలుసుకునేవాడు. విన్నదాన్ని నమ్మలేదు, చూసి తేల్చుకోవాలనుకున్నాడు. ప్రత్యక్ష ప్రమాణం అడిగినవాడు వీడొక్కడే. అయితే ఇక్కడ మా గొంతుకూ ఒక ముల్లు అడ్డం పడుతోంది. ఆ ప్రమాణం కోసం కోయబడింది ఎవరు? మాదిగ స్త్రీ. గురువు వేదాంతానికీ, మొగుడి తర్కానికీ మధ్య ఆమె దేహం బల్ల అయింది. బతికి లేచాక ఆమె ఏమన్నదో కథ చెప్పదు. కక్కయ్యను మన తాత్త్వికుడని ఎత్తుకునే దళిత విమర్శ ఆమె దగ్గర తల వంచకుండా ముందుకు పోలేదు.

ఇప్పుడు జాబితాలో లేని స్థలాలు రెండు. ఆళ్లగడ్డకు దగ్గర్లో ముత్యాలపాడు ఉంది. పందొమ్మిదో శతాబ్దం నడుమ నుంచి ఎస్.పి.జి. మిషనరీలు అక్కడ కేంద్రం పెట్టుకున్నారు. ఎక్కువగా మాలలు ఆ సంఘాల్లో చేరారు. గుళ్లోకి రానీయని జనం చర్చి కట్టుకుని, బడి పెట్టుకుని, కూర్చుని పాడుకునే హక్కు సంపాదించుకున్నారు. ఈ ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలకు ఎంత పట్టుదలంటే, 1947లో దక్షిణ ఇండియా సంఘంగా అందరూ కలిసినా చేరకుండా దాదాపు మూడు దశాబ్దాలు విడిగా నిలబడ్డాయి. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. అది మన జనం తలలు లెక్కపెట్టుకుని తీసుకున్న రాజకీయం. మిషనరీల చరిత్రలో ఇది దొరల మాటల్లో ఉంది. మన మాటల్లో ఇంకా రాలేదు. మాల క్రైస్తవుల చరిత్ర రాసేటప్పుడు మాదిగలు ఆ చర్చిలో ఏ వరసలో కూర్చున్నారో కూడా రాయాలి. మనలో మనకు మొహమాటం పనికిరాదు.

రెండోది వేంపెంట. పాములపాడు మండలం, ఇప్పుడు నంద్యాల జిల్లాలోనే. 1998 జులైలో అక్కడ మాదిగలను ఊచకోత కోశారు. కారంచేడు (1985), చుండూరు (1991) పేర్లు రాష్ట్రమంతా తెలుసు. వేంపెంట పేరు ఆ జిల్లా పిల్లలకే తెలియదు. చారిత్రక స్థలమంటే చరిత్ర జరిగిన చోటు గదా! మరి ఏ లెక్కన ఇది చారిత్రక స్థలం కాదు? రాతి గోపురం లేదనా?

జాషువా ఈ చిక్కును 1941లోనే చూశాడు. 'గబ్బిలం' కూడా ఒక రకంగా యాత్రా కావ్యమే. దారి పొడవునా చారిత్రక స్థలాలు, కొండలు, నదులు వస్తాయి. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపాడు, అరుంధతీసుతుడు గబ్బిలాన్ని పంపాడు. ఎందుకంటే గుడి లోపలికి పోగలిగింది అదొక్కటే. అంటే ఆ కావ్యంలో ప్రతి దృశ్యాన్నీ గడప బయట నిలబెట్టిన మనిషి చూస్తున్నాడు. అందం తగ్గలేదు, అందానికి అడ్డంగా ఉన్న తలుపు కూడా కనపడింది. చూడదగ్గ స్థలాలు రాసేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం లేదు.

పార్వేటను ప్రపంచ వారసత్వంగా నమోదు చేయించాలనేవాళ్లకు మేం అడ్డు చెప్పడం లేదు. నమోదు కాగితంలో 'అన్ని కులాలూ కలిసి జరుపుకునే ఉత్సవం' అన్న వాక్యం రాసేముందు కొన్ని సంగతులు ఊరూరా రాసి పెట్టాలి. పల్లకి ఆగే అరుగు ఊళ్లో ఏ వీధిలో ఉంది? అది మాలపల్లెకూ మాదిగవాడకూ ఎంత దూరం? పల్లకి ఆ వాడల్లోకి పోతుందా, పోతే ఏ ఏటి నుంచి? డప్పు కొట్టేవాళ్లకు ఇచ్చేది కూలా, ఇనామా, బియ్యమా? వెనక ఇనాం భూమి ఉంటే అది ఇప్పుడు ఎవరి పాసుపుస్తకంలో ఉంది? బాణం వేసే చెంచులకు అడవి హక్కుల చట్టం కింద పట్టా వచ్చిందా? ఈ ప్రశ్నలు అడగడానికి పెద్ద డిగ్రీలు అక్కర్లేదు. ఊరికి ఇద్దరు పిల్లలు, ఒక నోటుపుస్తకం, ఒక సెల్‌ఫోన్ ఉంటే చాలు. నంద్యాల, ఆళ్లగడ్డ కళాశాలల్లో చదివే మన పిల్లల ఊళ్లే పల్లకి దారిలో ఉన్నాయి. డప్పు పట్టిన మనిషి పేరు, తండ్రి పేరు, అతను కొట్టే దరువుల పేర్లు ముందు రాసుకోండి. ఆడవాళ్ల పాటలు విడిగా, ఆడపిల్లల చేత రాయించండి. కనుమకు ముందే పని మొదలుపెడితే మేలు, ఉత్సవం మొదలయ్యాక ఎవరికీ తీరిక ఉండదు.